బారకు తగిన విల్లు

మన నగరమున ప్రతిదినమును వేలకొలది జనులు విండ్ల క్రిందుగా నడచిపోవుచున్నారు. చార్మినారునకు ఉత్తరముగా, గుల్జారు హౌజునకు నాలుగు వైపుల నిలిచియున్న కట్టడములను చార్ కమాన్ అందురు గదా. మచ్లీ కమాను, కాలీ కమాను అను పేళ్లు మన విద్యార్థుల నోట నిత్యము మెలగుచుండును. అయినను కమాను అనగానేమని మేము తరగతిలో అడిగినపుడు కొందఱు పెద్ద ద్వారమనియు, కొందఱు వంపు తిరిగిన గోడ యనియు చెప్పిరే గాని, పారసీక భాషలో ఆ మాటకు మొదటి యర్థము విల్లని యొక్కరును చెప్పలేకపోయిరి. ఎక్కుపెట్టిన వింటివలె వంగియుండుటచేతనే ఆ ద్వారములకా పేరు వచ్చినది. విల్లు చేయువానిని కమాన్‌గర్ అనిరి. మన తెనుగులోను కొమ్ముతో చేసిన వింటికి సింగిణి యను చక్కని పేరు కలదు. పాత కావ్యములు చదువువారు తప్ప ఇప్పుడా మాటనెవరును పలుకుట లేదు.

తరగతిలో ఈ ప్రసంగము పుట్టుటకు ఒక కారణము కలదు. అంతకు ముందు వారమున మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను సాలార్‌జంగు ప్రదర్శనశాలకు తోడ్కొనిపోయితిమి. 1951వ సంవత్సరమున దివాన్ దేవిడీలో తెఱవబడి, 1968లో మూసీ దక్షిణపుటొడ్డున ఇప్పుడున్న భవనమునకు మార్చబడిన ఆ శాలయందు, జేడు అను విలువగల రాతితో చేసిన వస్తువుల నడుమ ఒక యుంగరమున్నది. దానిపై షాజహాను చక్రవర్తి బిరుదమగు సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ అను మాటలు చెక్కబడియున్నవి. పిల్లలు దానిని అలంకారమునకు ధరించు నుంగరమనుకొనిరి. కాని యది విలుకాని బొటనవ్రేలి యుంగరము. తురుష్కులును, పారసీకులును, మొగలాయీలును నారిని బొటనవ్రేలితో లాగెడివారు. నారి చర్మమును కోయకుండ కాపాడుటయే ఆ యుంగరపు పని. తక్కిన పిల్లలు గడియారము గంటలు కొట్టుటను చూచుటకు పరుగెత్తిపోగా, ఒక్క బాలుడు మాత్రము ఆ యుంగరమును విడిచి కదలలేదు.

ఆ బాలుడే కొన్ని దినములకు ఒక చీటి తెచ్చి మా చేతికిచ్చెను. అందు, "ఆఱడుగుల పొడవు విల్లు. 50 పౌండ్లు" అని వ్రాసియుండెను. దూరముననున్న ఒక విల్లు చేయువానికి పంపుటకై వ్రాసికొన్న చీటి యది. తాను చూచిన చలనచిత్రమున వీరుడు పట్టిన విల్లు 50 పౌండ్లదని యెవరో చెప్పిరట. తండ్రి పాతబస్తీలో గాలిపటములు కట్టి యమ్ముకొని జీవించువాడు. తండ్రికి సాయము చేసి రెండు సంక్రాంతుల కాలములో కుఱ్ఱవాడు కూడబెట్టిన సొమ్మంతయు ఆ వింటికే పోవలసియున్నది.

చీటి చదువుచుండగనే మాకు మా కుడి భుజము జ్ఞప్తికి వచ్చినది. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండినపుడు, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, ఇట్టి విల్లునే కొంటిమి. అమ్మినవాడు మా చేతులు కొలువలేదు. మునుపెన్నడైన విల్లు పట్టితిరా యని యడుగలేదు. మేమును తక్కువ బిగువు గల విల్లడుగుటకు సిగ్గుపడితిమి. తోటివారు చూచుచుండగా నారి లాగుటలో నున్న గొప్ప మూడు వారములు నిలిచినది. తరువాత కుడిచేయి భుజమునకు మీదికి లేవలేదు. మాదిరి పాఠము చెప్పవలసిన దినమున, వెనుక పరీక్షకులు కూర్చుండియుండగా, నల్లబల్లపై శీర్షిక వ్రాయుటకు ఒక విద్యార్థిని పిలువవలసివచ్చినది. ఆ నొప్పి మానుటకు ఏడు నెలలు పట్టెను. కావున ఆ చీటిని మడిచి మా జేబులో పెట్టుకొని, తండ్రిని ఒకమాఱు పాఠశాలకు తీసికొని రమ్మంటిమి. వారిద్దఱితో చెప్పిన సంగతులనే ఇచ్చట వ్రాయుచున్నాము. మఱికొందఱు తలిదండ్రులును ఈ విషయమునే యడిగియున్నారు.

మొదట, పొడవు విల్లు పొడవుగా నేలయుండవలెనో తెలియవలెను. వింటిని వంచినపుడు గుఱివైపునకుండు వీపు సాగును, మనవైపునకుండు కడుపు నొక్కుకొనును. పొట్టి విల్లు పొడవు వింటికంటె మిక్కిలి వంగవలసివచ్చును గనుక, ఒట్టి కఱ్ఱ అంత సాగుడును నొక్కుడును ఓర్వలేక విఱుగును. సింగిణి చేయువారు ఈ చిక్కును చక్కగా తప్పించుకొనిరి. నడుమ కఱ్ఱ, కడుపున ఎనుబోతు కొమ్ము, వీపున జంతువుల నరములు చేర్చి సరెసుతో నతికిరి. కొమ్ము నొక్కుడునకును, నరము సాగుడునకును మేటి. అందుచేత గుఱ్ఱముపై కూర్చున్న వాడును త్రిప్పుకొనగల పొట్టి విల్లు వారికి సాధ్యమైనది. బొటనవ్రేలితో లాగుటవలన పొట్టి వింటి నారి చేయు కోసుకోణము వారి వ్రేళ్లను నలిపెడిది కాదు. మూడు వ్రేళ్లతో లాగువారికి మాత్రము పొట్టి విల్లు వ్రేళ్లను నొక్కివేయును. పొడవు విల్లు చాల మట్టునకు ఒకేజాతి కఱ్ఱతో, లేదా రెండు మూడు బద్దలతో చేయబడి, మూడు వ్రేళ్లతో లాగబడునది. దాని బలమంతయు దాని నిడివిలోనే యున్నది.

మన దేశమున ఈ పొడవు విల్లు క్రొత్తది కాదు. అలెగ్జాండరుతో వచ్చిన నియార్కసు వ్రాసినదానిని ఆధారము చేసికొని, హిందూదేశపు కాల్బంటు విల్లు అతనియంత పొడవుండుననియు, దానిని నేలకానించి ఎడమకాలితో త్రొక్కిపట్టి లాగుననియు ఆరియను వర్ణించెను. కౌటిల్యుని అర్థశాస్త్రము తాడి, వెదురు, కఱ్ఱ, కొమ్ము అని నాలుగు విధముల విండ్లను చెప్పి, నారులకు జిల్లేడు, జనుము, వెదురు, నరము మొదలగువానిని పేర్కొనుచున్నది. జిల్లేటి నార ఎంత గట్టిదో మన పల్లెలలో దానితో త్రాడు పేనిన పెద్దలు చెప్పగలరు. అగ్నిపురాణము నాలుగు మూరల విల్లు ఉత్తమము, మూడున్నర మధ్యమము, మూడు అధమము అనుచున్నది. మూరకు 18 అంగుళముల చొప్పున ఉత్తమమైనది సరిగా ఆఱడుగులగును. మన బాలుని చీటిలో పొడవు తప్పు కాదు, పెద్దవాని కొలత మాత్రమే.

బాలుని కొలత యెట్లు తెలియును? దీనికి మన తెనుగువారి బారయే చాలును. గోడకు వీపానించి రెండు చేతులు చాచి, ఒక నడివ్రేలి కొననుండి మఱియొక నడివ్రేలి కొనవఱకు కొలిచి, వచ్చిన యంగుళములను రెండున్నరచే భాగింపవలెను. 70 అంగుళముల బార గలవాడు నారిని సుమారు 28 అంగుళములు లాగును. మన బాలుని బార 65, కావున అతని లాగుడు 26. అయితే యిది నారిని నోటిమూల యొద్దకు తెచ్చువారి లెక్క. మన పురాణవీరులందఱు ఆకర్ణాంతము లాగినట్లు చదివియున్నాము గదా. చెవివఱకు లాగువానికి రెండు మూడంగుళములు ఎక్కువ కావలసివచ్చును. నోటిమూల వఱకు లాగునట్లు చేసిన వింటిని పురాణములు తలంచుకొని చెవివఱకు లాగినవానికి శివధనుర్భంగమే జరుగును గాని, తరువాత పెండ్లి మాత్రము జరుగదు. విల్లు చేయించుకొనువాడు తాను నారిని ఎచ్చటికి తెచ్చునో ముందే చెప్పవలెను. 28 లాగువానికి సుమారు 68 అంగుళముల విల్లును, 26 లాగువానికి 66 అంగుళములదియు సుఖముగా నుండును.

ఇక బిగువు. ఎక్కువమంది మోసపోవునది యిచ్చటనే. వింటిపై "40 పౌండ్లు, 28 అంగుళములు" అని వ్రాసియున్నచో, ఆ నారిని 28 అంగుళములు లాగి పట్టినపుడు చేతికి తగులు బరువు 40 పౌండ్లని యర్థము. లాగిన కొలది బరువు పెరుగును. ఆ వింటిలో కడపట అంగుళమునకు సుమారు రెండు పౌండ్లు హెచ్చును. 25 మాత్రమే లాగు పొట్టివానికి అది 34 పౌండ్ల విల్లే, 30 లాగు పొడవువానికి 44. ఒకే విల్లు ఇద్దఱి చేతులలో రెండు విండ్లగుచున్నది. కాబట్టి చేయువానికి వ్రాయునపుడు ఒట్టి పౌండ్లు వ్రాయుట నిరర్థకము. "నా లాగుడున ఇన్ని పౌండ్లు" అని వ్రాయవలెను.

50 పౌండ్లనగా సుమారు 23 కిలోగ్రాములు. ఇంటికి తెచ్చుకొను 25 కిలోల బియ్యపు సంచికి కొంచెము తక్కువ. దానిని మూడు వ్రేళ్లకు తగిలించి ముఖము వఱకు లాగి, కదలక నిలిచి, గుఱి చూచి విడువవలెను. ఒక్కసారి లాగగలుగుట వేఱు, ఒక సాయంకాలమున అఱువదిమాఱులు లాగుట వేఱు. బిగువు మించినపుడు భుజము పైకి లేచును, నడుము వెనుకకు వాలును, గుఱి కుదురకముందే నారి జాఱిపోవును. ఈ దుర్గుణములు ఒకసారి పట్టుకొన్నచో తరువాత మెత్తని విల్లు పట్టినను వదలవు.

భుజము మాట యెత్తితిమి గనుక ఒక యోడ కథ చెప్పవలెను. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ యొక్క మేరీ రోజ్ అను యుద్ధనౌక 1545లో మునిగిపోయి, 1982లో పైకి తీయబడెను. దానియందు నూటికి మించిన పొడవు విండ్లు చెడక దొరకినవి. చాలవఱకు ఆఱడుగులకు మించినవి. వాని బిగువు 100 మొదలు 185 పౌండ్ల వఱకుండునని శాస్త్రజ్ఞులు గణించిరి. ఇది చదివి మన పిల్లలు ఉప్పొంగుదురు. అయితే అదే యోడలో దొరకిన అస్థిపంజరములను పరీక్షించినవారు, భుజాగ్రపుటెముక కొన అతుకుకొనక విడిగా నిలిచిపోవుట సామాన్య జనులలోకంటె ఆ మనుష్యులలో ఎక్కువగా నున్నదని కనుగొని, బాల్యమునుండి భారమైన విండ్లు లాగుటయే దానికి కారణమై యుండునని తలంచిరి. ఆ యెముక కొన సాధారణముగా పదునెనిమిది, ఇరువదియైదేండ్ల నడుమ పూర్తిగా అతుకుకొనును. మన బాలునికి పదునాలుగేండ్లు. ఈ సంగతి చెప్పినపుడు తండ్రి చీటి మా యొద్దనుండి తీసికొని తానే చించివేసెను.

క్రొత్తగా నేర్చుకొను పెద్దవారికి 25 మొదలు 35 పౌండ్ల వఱకును, బాలబాలికలకు 15 మొదలు 25 వఱకును చాలును. తన బిగువును కనుగొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. బల్లపై కూర్చుండి పాదములు నేలనుండి కొంచెమెత్తి, వింటిని ఎదుటికి చాచి, నెమ్మదిగా పూర్తిగా లాగవలెను. నడుము వాలకుండ, విల్లు ఆకాశమునకు లేవకుండ లాగి, పది లెక్కపెట్టునంతసేపు వణకక పట్టినచో అది తన విల్లే. తరువాత నారిని వదలక, పట్టుకొనియే వెనుకకు తేవలెను. అమ్ము లేని నారిని ఎన్నడును విడువరాదు. అమ్ము తీసికొనిపోవలసిన శక్తి వింటిలోనే తిరిగి క్రుంగి, మంచి విల్లును ఒక్క దెబ్బతో చీల్చును. దుకాణములలో కుఱ్ఱవాండ్రు చేయు మొదటి తప్పు ఇదియే.

పెరుగు పిల్లలకు ధరగల విల్లు చేయించుట తగునా యని తల్లిదండ్రులడుగుదురు. సామాన్యముగా తగదు. మొదటి సంవత్సరము ఎరవు వింటితో గడపుట మేలు. అట్లుగాక తప్పదన్నచో, ఇప్పటి లాగుడున తేలికగా నుండి, రెండంగుళములు ఎక్కువ లాగినను విఱుగనట్లు చేయుమని యడుగవలెను. 26 అంగుళములకు 24 పౌండ్లున్న విల్లు, బాలుడు పెరిగి 28 లాగునప్పటికి దానంతట అదే 26, 27 పౌండ్లగును. విల్లు కుఱ్ఱవానితోపాటు పెరిగినట్లే.

కఱ్ఱ విషయమున పేరు చూచి మోహపడరాదు. ఇంగ్లీషువారు మెచ్చిన యూ చెట్టు హిమాలయములలో నున్నది గాని మన ప్రాంతమున లేదు. మన యడవులలో సంస్కృతమున ధన్వనమని పిలువబడు చెట్టు సాగుగుణమునకు ప్రసిద్ధము. వెదురు అన్నిటికంటె చవుక, మన యెండవానలకు అలవాటుపడినది. వెదురు నార పైపొర యొద్ద దట్టముగా నుండుటచేత ఆ పొర సాగుడును మిక్కిలి యోర్చును. అందుచేత వీపున వెదురు బద్ద, కడుపున గట్టి కఱ్ఱ చేర్చి అతికిన విల్లు మాకు ఇష్టమైనది. భిల్లులు నారిని సైతము వెదురు బద్దతోనే చేయుదురు. నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమిపై చెంచులు విల్లమ్ములతో జీవించిన తీరు 1943లో వెలువడిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గ్రంథమునందు చూడవచ్చును. తన విల్లు తానే చెక్కుకొనువానికి మేమింతసేపు వ్రాసిన కొలతలు అక్కఱ లేదు. వాని విల్లు వాని బారకే పుట్టును. దుకాణమునుండి తెచ్చుకొను మనకే ఈ పాట్లు.

గాజునార పొరలతో అతికిన విల్లు తేమకు అంతగా లొంగదు. ఒట్టి కఱ్ఱ విల్లు వానకాలపు చెమ్మకు మెత్తబడి బలము కోల్పోవును. ఎట్టిదైనను, వేసవిలో 40 డిగ్రీల యెండన మూసిన మోటారుబండిలో విడిచినచో అతుకులకు ముప్పు. ఆట ముగిసిన వెంటనే నారి దింపవలెను. మూలకు ఆనించి నిలుపక, పడుకొనబెట్టియో వ్రేలాడదీసియో ఉంచవలెను.

కుడిచేతివాటము గలవారందఱు కుడిచేతి విల్లే తీసికొనవలెనను నియమము లేదు. రెండు కన్నులు తెఱచి, చాచిన చేతి వ్రేలితో దూరపు వస్తువును చూపి, ఒక్కొక్క కన్ను మూసి చూచినచో ఏ కంటికి వ్రేలు కదలదో అదియే గుఱి కన్ను. ఆ వైపు చేతితో నారి లాగుట మేలు. అమ్ములు వింటికి తగినంత వంగునవి కావలెను. విడిచిన యమ్ము పామువలె మెలికతిరిగి వింటిని చుట్టివచ్చి నేరుగా పోవును. మిక్కిలి గట్టిదైనను, మిక్కిలి మెత్తనిదైనను ప్రక్కకు తొలగును. మిక్కిలి తేలిక యమ్ము ఒట్టి నారి విడుచుటతో సమానము. 40 పౌండ్ల వింటికి 26 గ్రాముల యమ్ము తగును. ఇవన్నియు విల్లు చేయువానినే యడిగి తెచ్చుకొనుట సులభము. పాతబస్తీ మిద్దెలపై అభ్యాసము చేయుదమను తలంపు మాత్రము ఎవరికిని రాకూడదు. చిన్న వింటి యమ్మైనను నూఱు గజములు దాటి పోగలదు. మన యిండ్ల నడుమ నూఱు గజములలో ఎన్ని కుటుంబములున్నవో లెక్కించుకొనవచ్చును.

మా బాలుని విల్లు రెండు నెలలకు వచ్చినది. వెదురు వీపు, 66 అంగుళములు, 26 అంగుళముల లాగుడున 27 పౌండ్లు. మేమడిగినదానికంటె రెండు మూడు పౌండ్లు ఎక్కువ. తండ్రియు కుమారుడును దానిని పాఠశాలకు తెచ్చిరి. నారి ఎక్కించి, పిడికిలి బిగించి బొటనవ్రేలు పైకెత్తి పిడికిని నారికి నడుమ కొలువగా సరిపోయినది. మేము కొంచెము లాగి చూపి, చక్కగా నున్నదంటిమి. తండ్రి దూరముగా నిలిచి ఒక కన్ను మూసి చూచుచుండెను. మఱల లాగుమనెను. మఱల చూచెను.

"ఈ కిందిపక్క మెత్తగున్నది సారూ. మీదిపక్క వంగుతలేదు" అనెను.

గాలిపటమునకు అడ్డముగా వంచు వెదురుపుల్ల రెండు వైపుల సమముగా వంగకున్నచో పటము ఒక ప్రక్కకు తిరిగి కూలును. ముప్పది సంవత్సరములు ఆ పుల్లలు చెక్కిన కన్నది. కొలబద్ద తెచ్చి, రెండు కొప్పుల యొద్ద వంపు కొలిచి చూడగా అతడు చెప్పినంతయు నిజమే. మూడు వ్రేళ్లతో లాగు వింటికి క్రింది కొమ్మ మీదిదానికంటె ఒక పిసరు గట్టిగా నుండవలెను. ఇచ్చట అది తలక్రిందులైనది. మెత్తని వైపు మఱింత వంగి కొంత కాలమునకు అక్కడనే విఱిగియుండును. మేము మెత్తని వైపునకు ఏదైన చుట్టి బలము చేయుదమా యంటిమి. అతడు నవ్వి, "గట్టిపక్క గీకాలె సారూ. పతంగికైనా అంతే" అనెను. చేయువానికి ఛాయాపటము తీసి పంపగా అతడును అదే మాట వ్రాసి, విల్లును తిరిగి తెప్పించుకొని మీది కొమ్మ కడుపును గీచి సరిచేసెను.

గీచినందున బిగువు తగ్గి, మూడు వారములకు తిరిగి వచ్చిన వింటిపై "24 పౌండ్లు, 26 అంగుళములు" అని వ్రాసియుండెను. పాఠశాల ఆటస్థలమున గోడవైపు గడ్డిమోపులు పేర్చి, పది అడుగుల దూరమునుండి మొదలుపెట్టించితిమి. మొదటి సాయంకాలము బాలుడు ముప్పది యమ్ములు విడిచెను. పదునేడు గడ్డిని తాకినవి. మఱునాడు గణితపు గంటలో అతనిని నల్లబల్ల యొద్దకు పిలువగా, పైవరుసనుండి మొదలుపెట్టి, కుడిచేతితోనే లెక్కంతయు చేసెను.